ఒకే అడవిలో ముగ్గురు వేటగాళ్లు

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని తెలుగువారి సామెత. అడవి విషయంలో ఈ మాట సగమే నిజం. కర్ణాటకలోని నాగరహొళె, బందీపుర అడవులలో పెద్దపులి, చిరుతపులి, రేచుకుక్క అనే మూడు మాంసాహార జంతువులు తరతరాలుగా కలిసి బ్రతుకుతున్నాయి. మూడింటికీ కావలసినది మాంసమే. మూడూ దుప్పిని వేటాడేవే. అయినా ఒకటి మిగతా రెంటినీ నిర్మూలించలేదు. అలాగని వాటి మధ్య స్నేహమున్నదనీ చెప్పలేము. అవకాశం దొరికితే పులి చిరుతను చంపుతుంది. చిరుత ఒంటరి రేచుకుక్కను చంపుతుంది. రేచుకుక్కలు గుంపుగా ఉంటే చిరుతను చెట్టెక్కిస్తాయి. ఈ వైరమూ, ఈ సహజీవనమూ ఒకేచోట ఎలా సాధ్యమవుతున్నాయన్న ప్రశ్న మన శాస్త్రజ్ఞులను అర్ధశతాబ్దంగా ఆకర్షిస్తున్నది. అడవి అంచున పశువులను మేపుకొని బ్రతికే రైతుకు కూడా ఈ ప్రశ్నతో ప్రత్యక్ష సంబంధమున్నది.

ముందుగా పేర్ల విషయంలో ఒక మాట. హిందీలో ‘బాఘ్’ అంటే పెద్దపులి, ‘తేందువా’ అంటే చిరుతపులి, ‘చీతా’ అంటే ఈ రెంటికీ చెందని మూడవ జంతువు. తెలుగు పత్రికలలో ‘చిరుత’ అన్న ఒక్క మాటనే తేందువాకూ, చీతాకూ కూడా వాడుతుండటం వల్ల పాఠకులు తికమక పడుతున్నారు. వలయాల వంటి మచ్చలు, బలిష్ఠమైన మెడ, చెట్టెక్కగల నేర్పు ఉన్నది చిరుతపులి. నిండు చుక్కలు, సన్నని నడుము, కంటి కొస నుంచి నోటివరకు నల్లని చార ఉన్నది చీతా. ఇక రేచుకుక్కను కొన్ని ప్రాంతాలలో రేసుకుక్క అనీ, అడవికుక్క అనీ అంటారు. ఇది ఊరు విడిచి అడవి పట్టిన కుక్క కాదు. తుప్పు ఎరుపు రంగు ఒళ్లు, నల్లని కుచ్చుతోక గల ప్రత్యేక జాతి. హిందీవారు దీనిని ‘సోన్‌కుత్తా’ అని ముద్దుగానే పిలుస్తారు. కానీ చరిత్రలో దానికి దక్కిన ఆదరం మాత్రం స్వల్పం.

వేట తీరులు

పెద్దపులి ఒంటరి వేటగాడు. ఎదిగిన మగపులి దాదాపు 200 కిలోగ్రాముల బరువు తూగుతుంది. పొదల మాటున పొంచి, అతి సమీపానికి వచ్చి, ఒక్క ఉదుటున మీదపడి గొంతు పట్టడం దాని పద్ధతి. దూరం తరిమి పట్టే ఓపిక దానికి లేదు. చిరుతపులిది కూడా పొంచి ఉండే వేటే. కానీ దాని బరువు పులి బరువులో మూడవ వంతుకు మించదు. ఆ తక్కువ బరువే దానికి రక్ష. తన వేటను నోట కరచుకొని చెట్టుమీదికి లాగి, కొమ్మల మధ్య ఇరికించి, కిందనున్న బలవంతులకు అందకుండా తినగలదు. దుప్పి దొరకనప్పుడు కొండముచ్చు, కుందేలు, నెమలి, ముళ్లపంది, ఊరికుక్క, ఏది దొరికినా సరిపెట్టుకుంటుంది. మాంసాహారులలో ఇంతగా సర్దుకుపోయే జంతువు మరొకటి అరుదు.

రేచుకుక్క కథ వేరు. ఒక్కొక్కటి సుమారు 15 కిలోగ్రాములే. దాని బలమంతా గుంపులో ఉన్నది. అయిదు నుంచి పదిహేను వరకు, అప్పుడప్పుడు ఇరవైకి పైగా కూడా కలిసి తిరుగుతాయి. మొరగడం కంటే ఈల వంటి కూతతో ఒకదానినొకటి పిలుచుకోవడం వాటి ప్రత్యేకత. దట్టమైన అడవిలో చెల్లాచెదురైన గుంపు ఆ ఈలతోనే మళ్లీ ఒకచోట చేరుతుంది. పిల్లలను పెంచడంలో గుంపంతా పాలుపంచుకుంటుంది. వేటనుంచి వచ్చిన పెద్దవి తిన్న మాంసాన్ని కక్కి, పిల్లలకూ, వాటికి కాపలా ఉన్న తల్లికీ పెడతాయి. పరుగెత్తే దుప్పిని తరుముతూ, ప్రాణం పోకముందే తినడం మొదలుపెడతాయి. మనిషి కంటికి ఇది క్రూరంగా తోస్తుంది. వెనుకటి వేటగాళ్లు రేచుకుక్కను ద్వేషించడానికి ప్రధాన కారణం ఇదే. కానీ పోటీదారులు చుట్టూ ఉన్న అడవిలో మాంసాన్ని త్వరగా కడుపులో దాచుకోవడం కంటే భద్రమైన మార్గం ఆ చిన్న జంతువుకు మరేమున్నది?

ఆంగ్లపాలనలో రేచుకుక్కను చంపినవారికి ప్రభుత్వమే బహుమతులిచ్చేది. దుప్పులను నాశనం చేస్తుందన్నది దానిమీద మోపిన నేరం. దుప్పులను తుపాకీతో నాశనం చేసినవారే ఈ నేరం మోపారన్నది వేరే సంగతి. రడ్యార్డ్ కిప్లింగ్ తన అడవి కథలలో ఒకదానిలో దక్కను నుంచి దండెత్తి వచ్చే రేచుకుక్కల గుంపును భయంకరంగా వర్ణించి, వాటి ముందు పులి సైతం తన వేటను విడిచి పోతుందని చెప్పాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేవరకూ ఈ జంతువుకు రక్షణ లేదు. సరిగ్గా ఆ తరువాతి సంవత్సరాలలోనే, 1976 నుంచి 1978 వరకు, ఎ.జె.టి. జాన్‌సింగ్ బందీపుర అడవిలో రేచుకుక్కల వెంట తిరిగి వాటి జీవితాన్ని శాస్త్రీయంగా పరిశీలించారు. అడవిలో స్వేచ్ఛగా తిరిగే పెద్ద జంతువుపై ఒక భారతీయ శాస్త్రజ్ఞుడు జరిపిన తొలి పరిశోధనలలో అది ఒకటి. 2024లో మరణించేవరకు ఆయన ఈ రంగంలో ఎందరో యువకులకు గురువుగా నిలిచారు.

పంపకం

ఈ మూడూ ఒకే అడవిని ఎలా పంచుకుంటున్నాయి? నాగరహొళెలో ఉల్లాస్ కారంత్, మెల్విన్ సన్‌క్విస్ట్ జరిపి 1995లో ప్రకటించిన పరిశోధన దీనికి చాలావరకు సమాధానమిచ్చింది. చంపిన జంతువుల అవశేషాలనూ, మలంలో మిగిలిన వెంట్రుకలనూ పరీక్షించి ఏ జంతువు ఏమి తిన్నదో వారు లెక్కకట్టారు. పులి తిన్న జంతువు సగటు బరువు 91.5 కిలోగ్రాములు, రేచుకుక్కలది 43.4, చిరుతది 37.6. పులి 176 కిలోగ్రాములకు మించిన అడవిదున్న, కణుజు వంటి భారీ జంతువులను ఏరికోరి వేటాడుతున్నది. చిరుతా, రేచుకుక్కా అంతకు తక్కువ బరువున్న వాటితో, ముఖ్యంగా చుక్కల దుప్పితో, తృప్తిపడుతున్నాయి. అంటే అడవిదున్నలూ, కణుజులూ పుష్కలంగా ఉన్నంతకాలం పులికి చుక్కల దుప్పి కోసం చిరుతతో పోటీపడవలసిన అగత్యం అంతగా కలగదు.

మరి చిరుత, రేచుకుక్కల సంగతేమిటి? వాటి భోజనం దాదాపు ఒకటే. అక్కడ పంపకం కాలాన్నిబట్టి జరుగుతున్నది. రేచుకుక్కలు పగటి వేటగాళ్లు. తెల్లవారినప్పటినుంచి ఎండ ముదిరేవరకు, మళ్లీ సాయంకాలం వేళ అవి తిరుగుతాయి. పిల్లి జాతికి చెందిన రెండూ అధికంగా రాత్రిపూట సంచరిస్తాయి. పశ్చిమ కనుమలలోని నాలుగు అభయారణ్యాలలో స్వయంచాలక కెమెరాలు తీసిన వేలాది ఛాయాచిత్రాలను పరిశీలించి 2017లో ప్రకటించిన అధ్యయనం కూడా ఈ సంగతినే ధ్రువపరిచింది. ఆహారం సమృద్ధిగా ఉన్నచోట వీటి వేళలు వేరువేరుగా ఉంటాయి. ఆహారం తక్కువైనచోట వేళలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆకలి వేళలను పాటించనివ్వదు.

మూడవ పంపకం స్థలానికి సంబంధించినది. నేపాల్‌లోని చిత్వన్ లోయలో 1970 దశకంలో జాన్ సైడెన్‌స్టికర్ పులులకూ చిరుతలకూ రేడియో పట్టీలు కట్టి వాటి కదలికలను గమనించారు. నదీతీరపు ఎత్తయిన గడ్డిభూములను పులులు ఆక్రమించుకోగా, చిరుతలు పులులు తరచుగా తిరిగే బాటలను విడిచి, చిన్న జంతువులను వేటాడుకుంటూ కాలం గడుపుతున్నాయని ఆయన గ్రహించారు. వేర్వేరు పరిమాణాల జంతువులు సమృద్ధిగా ఉండటమూ, దాక్కోవడానికి దట్టమైన చాటు ఉండటమూ, ఈ రెండే అక్కడ చిరుతను బ్రతకనిచ్చాయని ఆయన అభిప్రాయపడ్డారు. అదే చిత్వన్‌లో పులులు చిరుతలను చంపిన సంఘటనలు తరువాతి సంవత్సరాలలో నమోదైనాయి. కనుక ఈ పంపకం ఒప్పందం వంటిది కాదు. బలహీనుడు తప్పుకోవడం వల్ల నిలిచిన ఏర్పాటు మాత్రమే.

ఇక్కడ సింహళ ద్వీపం చక్కని పోలికకు పనికివస్తుంది. శ్రీలంకలో పులి లేదు, సింహం లేదు, రేచుకుక్క లేదు. అక్కడి అడవికి చిరుతే అధిపతి. యాల జాతీయ వనంలో అది పట్టపగలు బాటలమీద నిర్భయంగా నడుస్తుంది; చంపిన దుప్పిని చెట్టుమీదికి మోసుకుపోయే కష్టం చాలా అరుదుగా పడుతుంది. చాటుమాటున మెలగడం చిరుతకు సహజస్వభావమని మనం భావిస్తాము. అందులో కొంత భాగం స్వభావం కాదనీ, పెద్దపులి పొరుగున ఉండటం వల్ల నేర్చుకున్న జాగ్రత్త అనీ యాల చిరుతలు చెప్పకనే చెబుతున్నాయి.

గిర్ అడవిలోని వింత

గుజరాత్‌లోని గిర్‌లో పులి స్థానంలో సింహమున్నది. ఆసియా సింహాలు ప్రపంచంలో అక్కడ తప్ప మరెక్కడా స్వేచ్ఛగా లేవు. 2020లో 674గా అంచనా వేసిన వాటి సంఖ్య 2025 నాటికి 891కి పెరిగింది. చిరుతలు కూడా అక్కడ విస్తారంగా ఉన్నాయి. ఎదురుపడితే సింహం చిరుతను వదలదు. పిల్లలు దొరికితే చంపివేస్తుంది. చంపిన వాటిని తరచు తినకుండానే వదిలివేయడం ఈ వైరంలో గమనించదగిన అంశం. అది ఆకలితో చేసిన వేట కాదు, రేపటి పోటీదారును ఈనాడే తొలగించుకోవడం.

అటువంటి అడవిలో 2018 డిసెంబరు చివర ఒక వింత జరిగింది. మూడు నెలల వయసున్న ఇద్దరు పిల్లల తల్లి అయిన ఒక ఆడసింహం, రెండు నెలల మగ చిరుతకూనను చేరదీసింది. పాలిచ్చింది; తాను చంపిన మాంసం పెట్టింది; ఇతర సింహాలు దగ్గరకు వచ్చినప్పుడు కాచింది. సింహపు పిల్లలు దానితో ఆడుకున్నాయి. సుమారు నెలన్నర ఈ కాపురం సాగింది. తరువాత పుట్టుకతో వచ్చిన ఒక లోపం వల్ల చిరుతకూన మరణించింది. పరిశోధకులు దీనిని 2020లో శాస్త్ర పత్రికలో ప్రకటించారు. చిరుత పిల్లకూ, సింహపు పిల్లకూ పసితనంలో పోలిక ఉండటం, తల్లి అప్పటికే పాలిచ్చే దశలో ఉండటం ఇందుకు కారణాలు కావచ్చునని వారి ఊహ. ఇది నియమం కాదు, అపవాదం. ఆ కూన బ్రతికి పెద్దదై ఉంటే ఏమి జరిగేదో ఊహించడం కూడా కష్టమే.

పులి తిరిగివచ్చినప్పుడు

ఇంతవరకు చెప్పుకున్నది సమతౌల్యం నిలిచిన అడవుల మాట. సమతౌల్యం మారేటప్పుడు ఏమవుతుందో ఉత్తరాఖండ్‌లోని రాజాజీ జాతీయ వనం చూపింది. గంగకు తూర్పున ఉన్న చీల్లా ప్రాంతంలో గుజ్జర్ పశుపాలకులు తమ గేదెల మందలతో నివసించేవారు. వారిని వేరేచోట స్థిరపరిచిన తరువాత అడవి కోలుకున్నది, దుప్పులు నిలదొక్కుకున్నాయి, పులులు పెరగసాగాయి. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడ 2004-05 నుంచి 2007-08 వరకు చిరుతలను లెక్కించారు. నూరు చదరపు కిలోమీటర్లకు 9.76గా ఉన్న చిరుతల సాంద్రత 2.07కి పడిపోయింది. అంతకంటె ముఖ్యమైన విషయం వాటి ఆహారంలో బయటపడింది. మొదట చిరుతల తిండిలో పెంపుడు జంతువుల వాటా 6.8 శాతం. పులులు పెరిగిన తరువాత అది 31.8 శాతానికి చేరింది. కుందేలు, ఎలుక వంటి చిన్న జంతువుల వాటా కూడా పెరిగింది.

ఈ అంకెలను కొంచెం నిదానంగా చదవాలి. చీల్లాలో దుప్పులు తగ్గలేదు. అయినా చిరుత ఊరివైపు మళ్లింది. పులి ఆక్రమించిన నడిమి అడవి నుంచి అది అంచుకు నెట్టబడింది. ఆ అంచున ఉన్నవి మేకలు, దూడలు, కుక్కలు. కాబట్టి పులుల సంఖ్య పెరిగినదని ప్రకటించిన రోజునే, ఆ పెరుగుదల ఖరీదులో కొంత భాగం ఆ అడవి చుట్టూ ఉన్న పల్లెలు చెల్లించడం ప్రారంభించి ఉండవచ్చు. దేశంలో 2006లో 1,411గా ఉన్న పులుల అంచనా 2022 నాటికి 3,682కు చేరింది. ఇది ఏ దేశమైనా గర్వించదగిన సాఫల్యమే. అదే 2022 గణనలో చిరుతల సంఖ్యను 13,874గా అంచనా వేశారు. ఈ చిరుతలలో చాలా భాగం అభయారణ్యాల వెలుపల, చెరకుతోటలలో, కొండగుట్టలలో, పట్టణాల పొలిమేరలలో మనిషి పక్కనే మసలుతున్నవి.

మన ప్రాంతంలో పరిస్థితి రెండు విధాలుగా ఉన్నది. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో పులి, చిరుత, రేచుకుక్క మూడూ ఉన్నాయి. దానికి దక్షిణాన ఉన్న శేషాచలం కొండలలో మాత్రం స్థిరనివాసముండే పులులు లేవు. అక్కడ చిరుతే పెద్ద మాంసాహారి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక బాలిక చిరుత వాత పడిన విషాదం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. యాత్రికులు పారవేసే ఆహారమూ, దానికోసం చేరే కుక్కలూ, పందులూ చిరుతలను బాట దగ్గరకు రప్పించే కారణాలన్నది తెలిసిన సంగతే. పులి తరిమినా, ఎర పిలిచినా, అంచుకు వచ్చిన చిరుత ప్రవర్తన ఒకటే. తెలంగాణలోని కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ వైపు నుంచి పులులు అక్కడికి వచ్చి పోతూనే ఉన్నాయి, కానీ స్థిరపడటం కష్టమవుతున్నది. చిరుతలూ, రేచుకుక్కలూ మాత్రం నిలిచి ఉన్నాయి.

విషం ఎవరినీ గుర్తించదు

పశువు పోయిన మనిషి కోపం అర్థం చేసుకోదగినదే. పాడి ఆవు ఒక్కటి పోతే ఆ కుటుంబపు నెల ఆదాయం పోయినట్లే. నష్టపరిహారం అందేసరికి నెలలు గడిస్తే, ఆ కోపం పురుగుల మందు డబ్బా వైపు చేయి చాపిస్తుంది. సగం తిన్న పశువు కళేబరం మీద మందు చల్లుతారు. చంపిన జంతువు మళ్లీ వస్తుందని ఎదురుచూస్తారు. కానీ కళేబరం దగ్గరకు దానిని చంపిన జంతువు ఒక్కటే రాదు. పులి వదిలినదానిని చిరుత ముట్టుకోవచ్చు, తరువాత దుమ్ములగొండి, నక్క, రాబందు, రేచుకుక్కల గుంపు రావచ్చు. 2025 జూన్‌లో కర్ణాటకలోని మలె మహదేశ్వర కొండలలో ఒక ఆవు కళేబరంలోని విషం వల్ల ఒక ఆడపులీ, దాని నాలుగు పిల్లలూ మరణించాయి.

పొరుగున ఉన్న భూటాన్ అనుభవం కూడా చెప్పుకోదగినది. అక్కడ 1970, 80 దశకాలలో పశువులను చంపుతున్నాయని రేచుకుక్కలను విస్తృతంగా విషం పెట్టి చంపారు. అవి దాదాపు కనుమరుగైన తరువాత అడవిపందులు విపరీతంగా పెరిగి పంటలమీద పడ్డాయి. పశువును కాపాడుకున్న రైతు ధాన్యాన్ని కోల్పోయాడు. తరువాతి కాలంలో రేచుకుక్కలు తిరిగివచ్చినప్పుడు వాటిని చంపకుండా కాపాడవలసి వచ్చింది. నేడు ప్రపంచం మొత్తంమీద ఎదిగిన రేచుకుక్కలు 949 నుంచి 2,215 వరకు మాత్రమే ఉండవచ్చునని 2015లో అంతర్జాతీయ అంచనా వెలువడింది. పులితో పోల్చితే ఇది కూడా అంతే ప్రమాదంలో ఉన్న జంతువు. కానీ పులి పేరిట ఉన్నంత ప్రచారం దానికి లేదు.

కూనోలో కొత్త పొరుగు

పై విషయాలన్నీ మధ్యప్రదేశ్‌లోని కూనోలో ఒక కొత్త రూపంలో పరీక్షకు వచ్చాయి. భారతదేశపు చివరి చీతాలలో మూడింటిని 1947లో కోరియా ప్రాంతంలో కాల్చి చంపారు. 1952లో ఈ జాతి దేశంలో అంతరించినదని ప్రకటించారు. ఏడు దశాబ్దాల తరువాత, 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి తెచ్చిన ఎనిమిది చీతాలను కూనోలో విడిచారు. 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి మరి పన్నెండు వచ్చాయి. ఈ అడవిని మొదట గిర్ సింహాల రెండవ నివాసంగా సిద్ధంచేశారు. అందుకోసం 24 గ్రామాలవారు తమ ఊళ్లు విడిచి వెళ్లారు. సింహాలను తరలించాలని 2013 ఏప్రిల్‌లో సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించింది కూడా. సింహాలు రాలేదు, చీతాలు వచ్చాయి.

చీతా వేగంలో అద్వితీయం, పోరాటంలో బలహీనం. పరుగుకోసం ఏర్పడిన సన్నని ఎముకలు, చిన్న కోరలు దానివి. ఒక గాయమైతే పరుగు పోతుంది, పరుగు పోతే తిండి పోతుంది. అందువల్ల ఆఫ్రికాలో సింహమో, దుమ్ములగొండో ఎదురైతే అది తన వేటను విడిచి తొలగిపోతుంది. కూనోలో సింహం లేదు గాని చిరుతలు ఎక్కువ. చీతాలను దింపడానికి ముందు వాటికోసం కట్టిన కంచెలో చేరిన చిరుతలను బయటికి పంపడమే అధికారులకు పెద్ద పనైంది. ఏనుగులను కూడా ఇందుకు ఉపయోగించారు. 2025 సెప్టెంబరులో కూనోలోనే పుట్టిన ఇరవై నెలల ఆడ చీతా ఒకటి మరణించగా, చిరుతతో జరిగిన ఘర్షణే కారణమని ప్రాథమిక పరీక్షలో తేలింది.

చీతాకూ చిరుతకూ ఇష్టమైన ఆహారం అక్కడ ఒకటే, చుక్కల దుప్పి. నాగరహొళెలో వలె భారీ జంతువులను పులి తీసుకొని, మధ్యరకం వాటిని మిగతావి పంచుకొనే ఏర్పాటు ఈ ఇద్దరి నడుమ పొసగదు. మిగిలినది వేళల పంపకం. చీతా ప్రధానంగా పగటి వేటగాడు, చిరుత రాత్రి వేటగాడు. ఆ ఏర్పాటైనా నిలవాలంటే ఇద్దరికీ చాలినన్ని దుప్పులు ఉండాలి. అందుకే ఇతర అడవుల నుంచి దుప్పులను పట్టి తెచ్చి కూనోలో విడుస్తున్నారు. రాత్రి చిరుత తినగా మిగిలిన మందలో పగలు చీతాకు ఎన్ని దక్కుతున్నాయో అటవీశాఖ సిబ్బంది రేడియో పట్టీల సాయంతో, ఒక్కొక్క కళేబరాన్ని పరీక్షిస్తూ లెక్క వేస్తున్నారు.